పట్నం చికెన్‌లో క్రిములు.. షెడ్డులోనే పడాలి అడ్డుకట్ట

ఆదివారం పొద్దున ఏడు గంటలకే హైదరాబాద్‌లో ఏ సందులో చూసినా చికెన్ షాపు ముందు జనం మూగుతారు. ఒకాయన కిలోన్నర స్కిన్‌లెస్ అంటాడు. ఇంకొకాయన బుట్టలో ఉన్న కోడిని వేలుపెట్టి చూపించి, అదే కొయ్యమంటాడు. కళ్ల ముందే కోస్తున్నారు, వేడి తగ్గకముందే ఇంటికి తెచ్చుకుంటున్నాం, ఇంకేం భయమని అందరి ధీమా. ఆ కోడి మొన్న రాత్రి దాకా మీ షెడ్డులోనో, మీ పక్క ఊరి షెడ్డులోనో తిరిగిందే.

తాజా మాంసం అంటే క్రిమి లేని మాంసం కాదు. నిక్షేపంలా కనిపించే కోడి పేగుల్లో కూడా మనిషికి విరేచనాలు, జ్వరం తెప్పించే బ్యాక్టీరియా ఉండొచ్చు. కోసేటప్పుడు పేగు తెగితే అది మాంసానికి అంటుకుంటుంది. అక్కడి నుంచి కత్తికి, మొద్దుకు, చేతికి, తర్వాత కోసే కోడికి పాకుతుంది. పట్నంలో ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే షాపువాణ్ని తిడతారు. షాపువాడు తప్పు చెయ్యడని కాదు. కానీ ఆ మొదటి క్రిమి చాలాసార్లు షెడ్డులోనే కోడిలో చేరి, బుట్టలో ఎక్కి, డీసీఎంలో పట్నం వెళ్తుంది.

‘మేం పెంచి ఇస్తాం, ఆ తర్వాత ఏమైతే మాకేం?’ అనొచ్చు మీరు. ఇంటిగ్రేషన్‌లో ఉన్న రైతులైతే ‘కోడే మాది కాదు గదా, కంపెనీది’ అంటారు. అయినా ఈ సంగతి ముందుగా తెలుసుకోవాల్సింది మీరే. ఎందుకో చూద్దాం.

ఏమిటా క్రిములు?

పేర్లు పలకడానికి కష్టంగా ఉన్నా గుర్తుపెట్టుకోవాల్సినవి రెండే. ఒకటి సాల్మొనెల్లా. రెండోది క్యాంపిలోబాక్టర్. వీటికి తోడు మనిషి పేగుల్లోనూ పశువు పేగుల్లోనూ ఉండే ఈ-కొలై.

సాల్మొనెల్లాలో చాలా రకాలున్నాయి. కొన్ని కోళ్లకే జబ్బు చేస్తాయి. పిల్లల్లో తెల్ల విరేచనాలు పట్టి చావడానికి కారణమయ్యే పుల్లోరం అలాంటిదే. మరికొన్ని రకాలు కోడికి పెద్దగా ఏమీ చెయ్యవు, మనిషిని మాత్రం మంచానికి ఎక్కిస్తాయి. కోడి చక్కగా తింటుంది, బరువు వస్తుంది, షెడ్డులో ఎవరికీ అనుమానమే రాదు. ఇబ్బంది అక్కడే ఉంది.

క్యాంపిలోబాక్టర్ ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది. కోడి పేగుల్లో లెక్కలేనన్ని పెరుగుతుంది. కోడికి ఏమీ కాదు. మనిషి కడుపులోకి కొన్ని వందలు చేరినా చాలు, రెండు నుంచి ఐదు రోజుల్లో జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు మొదలవుతాయి. ఒక్కోసారి రక్తం కూడా పడుతుంది. బహు అరుదుగా, ఈ క్రిమి సోకి తగ్గిన తర్వాత నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ పడిపోయే గులియన్ బారీ జబ్బు వస్తుంది.

సాల్మొనెల్లా తీరు వేరు. అది మాంసం మీద కూడా పెరుగుతుంది. వాతావరణం అనుకూలంగా ఉంటే 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతుంది. లెక్క వేసి చూడండి. ఉదయం ఎనిమిదింటికి ఒక్క క్రిమి ఉంటే, పన్నెండింటికి నాలుగు వేలు దాటతాయి. మన ఎండాకాలంలో షాపు ముందు కొక్కేనికి వేలాడే మాంసానికి పట్టే గతి ఇదే. ఫ్రిజ్‌లో 5 డిగ్రీల కింద పెడితే పెరుగుదల దాదాపు ఆగుతుంది. గడ్డకట్టించినా అన్నీ చావవు. చంపేది మంట ఒక్కటే.

గొప్ప దేశాల్లోనూ ఇదే బాధ

ఇది మన దేశానికే వచ్చిన తంటా కాదు. బ్రిటన్‌లో ఆహార ప్రమాణాల సంస్థ 2014 ఫిబ్రవరి నుంచి 2015 ఫిబ్రవరి వరకు దుకాణాల్లో అమ్మే పచ్చి కోళ్లను నాలుగు వేలకు పైగా పరీక్షించింది. నూటికి 73 కోళ్లలో క్యాంపిలోబాక్టర్ కనిపించింది. 19 కోళ్లలో అది బాగా ఎక్కువ మోతాదులో ఉంది. అక్కడ కోసేది యంత్రాలు, నిలవ చేసేది చల్లని గదులు, అమ్మేది ప్యాకెట్లలో. అన్నీ ఉన్నా అంత క్రిమి ఎక్కడి నుంచి వచ్చింది? షెడ్డు నుంచే.

అందుకే అక్కడ షాపుల వెంట మాత్రమే పడలేదు. షెడ్డు గుమ్మం దగ్గర చెప్పులు మార్చడం దగ్గర్నుంచి, కోతశాలలో పేగు చిట్లకుండా తీయడం, ఇంట్లో పచ్చి కోడిని కుళాయి కింద కడగొద్దని ఆడవాళ్లకూ మగవాళ్లకూ చెప్పడం దాకా అన్ని మెట్ల మీదా పనిచేశారు. తర్వాతి ఏళ్లలో ఎక్కువ మోతాదు క్రిమి ఉన్న కోళ్లు బాగా తగ్గాయి. పూర్తిగా పోలేదు, కానీ తగ్గాయి. మనం నేర్చుకోవాల్సింది ఇదే. ఏ ఒక్కరి వల్లా అయ్యే పని కాదు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు, తలా కాస్త జాగ్రత్త పడితేనే తగ్గుతుంది.

దెబ్బ ముందు తగిలేది రైతుకే

పట్నంలో చికెన్ మీద అనుమానం పుడితే ధర పడేది షెడ్డు గేటు దగ్గర. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు చూశాం. జబ్బు రాని జిల్లాల్లో కూడా జనం చికెన్ మానేశారు. కోళ్లు ఎత్తేవాళ్లు లేక, మేత ఖర్చు రోజురోజుకూ పెరిగి రైతు నలిగిపోయాడు. బర్డ్ ఫ్లూ వైరస్ వల్ల వచ్చేది, మనం చెప్పుకుంటున్న బ్యాక్టీరియా వేరు. కానీ కొనేవాడికి ఆ తేడా పట్టదు. భయం వస్తే చికెనే మానేస్తాడు.

అదే ఏడాది జనవరిలో పుణెలో గులియన్ బారీ జబ్బు ఒక్కసారిగా ఎక్కువ మందికి వచ్చింది. కొందరు రోగుల మలంలో క్యాంపిలోబాక్టర్ దొరికింది. అధికారులకు ఎక్కువ అనుమానం కలుషితమైన తాగునీటి మీదే. అయినా కోడి మాంసం పేరు కూడా మధ్యలోకి వచ్చింది. బాగా ఉడకని చికెన్ తినొద్దని చెప్పాల్సి వచ్చింది. తప్పు ఎవరిదైనా మచ్చ కోడి మీద పడుతుంది.

ఇంకో మాట. ఆ క్రిమికి అందరికంటే దగ్గరగా ఉండేది మీరూ, మీ పిల్లలే. షెడ్డులో పనిచేసి చేతులు కడుక్కోకుండా ముద్ద నోట్లో పెట్టుకుంటే, పట్నంవాడికంటే ముందు జబ్బు మీ ఇంట్లోనే. కాబట్టి ఇది ఎవరికో చేసే ఉపకారం కాదు.

షెడ్డులోకి క్రిమి వచ్చే దారులు

క్రిమి ఆకాశం నుంచి ఊడిపడదు. ఏదో ఒక దారిన మోసుకొస్తేనే వస్తుంది. ఆ దారులు మూసెయ్యడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

చెప్పులు: షెడ్డు లోపలికి వేరే చెప్పుల జత పెట్టుకోండి. బయట తిరిగిన చెప్పులు గుమ్మం బయటే విప్పండి. కాళ్లు ముంచే మందు నీళ్లు ఒక్కటే పెట్టి సరిపెట్టొద్దు. పెంట, మట్టి కలిశాక ఆ మందు పనిచెయ్యదు. రోజూ మార్చాలి. చెప్పులు మార్చడం దానికంటే నమ్మకమైన పద్ధతి.

ఎలుకలు, ఈగలు: ఎలుక రెట్టలో సాల్మొనెల్లా ఉంటుంది. ఒక షెడ్డు ఖాళీ అయి కొత్త బ్యాచ్ వచ్చేలోగా ఈ క్రిమిని దాచి ఉంచేది ఎలుకే. మేత బస్తాలు నేల మీద, గోడకు ఆనించి వెయ్యొద్దు. చెక్క పలకల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. షెడ్డు చుట్టూ గడ్డి, పాత సామాను లేకుండా చూసుకోండి. ఒలికిన మేత సాయంత్రానికల్లా ఊడ్చెయ్యండి. క్యాంపిలోబాక్టర్‌ను మోసేది ఎక్కువగా ఈగలు. తడి లిట్టర్ ఎక్కడుంటే ఈగ అక్కడుంటుంది.

లిట్టర్: వరి ఊక పొడిగా ఉంటే సగం జబ్బులు దూరం. పిడికెడు లిట్టర్ తీసుకుని గట్టిగా నొక్కండి. ముద్దలా అలాగే ఉండిపోతే తడి ఎక్కువైనట్టు. కొంచెం ముద్దయి, చెయ్యి తెరవగానే విరిగిపోతే సరిగ్గా ఉన్నట్టు. నీళ్ల గొట్టాల కింద తడిసి అట్టకట్టిన చోట ఎత్తి పారేసి కొత్త ఊక వెయ్యండి. రోజూ తిరగెయ్యండి.

నీళ్లు: బోరు నీళ్లే గదా అని ధీమా పడొద్దు. ట్యాంకు అడుగున, గొట్టాల లోపల పాచి పడుతుంది. క్రిమికి అదే ఇల్లు. బ్యాచ్ దిగగానే గొట్టాలు, ట్యాంకు కడిగించండి. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ వెయ్యి లీటర్లకు సుమారు 10 గ్రాములు కలిపితే సరిపోతుంది. ముందు చిన్న బక్కెట్లో కలిపి, తేరిన నీళ్లు మాత్రమే ట్యాంకులో పొయ్యండి. నీళ్లలో టీకా వేసేటప్పుడు మాత్రం దానికి రెండు రోజుల ముందు నుంచి, వేసిన మర్నాటి దాకా బ్లీచింగ్ ఆపెయ్యాలి. లేకుంటే టీకా చచ్చిపోతుంది.

చచ్చిన కోళ్లు: రోజుకు రెండుసార్లు ఏరి తీసెయ్యండి. లోతైన గోతిలో వేసి సున్నం చల్లి మూసెయ్యండి. కాలవలో పారెయ్యొద్దు. కుక్కలకు వెయ్యొద్దు. చచ్చినవీ, చావుకు దగ్గరైనవీ చవగ్గా కొంటామని వచ్చే బేరగాళ్లుంటారు. ఎంతిచ్చినా ఇవ్వొద్దు. ఆ కోడి ఏ కర్రీ పాయింట్‌కు చేరుతుందో మీకు తెలియదు. తినేవాళ్లలో మన ఊరి నుంచి చదువుకోవడానికి వెళ్లిన పిల్లలు కూడా ఉండొచ్చు.

లిఫ్టింగ్ రాత్రి: అసలు పరీక్ష అప్పుడే

నలభై రోజులు పడ్డ కష్టం ఒక్క రాత్రిలో వృథా అయ్యేది లిఫ్టింగ్ అప్పుడు. ఇక్కడ మూడు విషయాలు గమనించాలి.

మొదటిది మేత. కోత వేళకు కోడి పేగులు ఖాళీగా ఉండాలి. కోతకు 8 నుంచి 12 గంటల ముందు మేత తీసెయ్యాలని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఈ గంటల్లో పట్టుకోవడం, ప్రయాణం, అక్కడ ఆగడం అన్నీ కలిసి ఉంటాయి. తెల్లారి ఏడింటికి కోతకు పడే కోడికి రాత్రి ఎనిమిది, తొమ్మిదింటికి మేత డబ్బాలు పైకెత్తాలన్నమాట. నీళ్లు మాత్రం పట్టుకునే దాకా ఉంచాలి.

మేత నిండుగా ఉంటే కోసేటప్పుడు క్రాప్, పేగు చిట్లి మాంసం నిండా పెంట అవుతుంది. అలాగని పన్నెండు గంటలు దాటించినా మంచిది కాదు. పేగు గోడ పలచబడి తేలిగ్గా తెగుతుంది. ఆకలికి కోడి లిట్టర్ పొడుచుకు తింటుంది. అందుకే బండి ఎన్నింటికి వస్తుందో మధ్యాహ్నమే సూపర్‌వైజర్‌ను గట్టిగా అడిగి తెలుసుకోండి. బండి ఆలస్యమైతే మేత తీసే వేళ కూడా జరపండి.

షాపుకు బతికున్న కోడిగా వెళ్లి, అక్కడ ఒకటి రెండు రోజులు బుట్టలోనే ఉండే వాటికి ఈ గంటల లెక్క పూర్తిగా కుదరదు. అక్కడ నీళ్లు, మేత చూసుకోవాల్సింది షాపువాడు. అయినా పట్టుకునే ముందు నాలుగైదు గంటలు మేత ఆపితే దారిలో పెంట తగ్గుతుంది. బుట్టల మీద బుట్టలు పేర్చినప్పుడు పై కోడి పెంట కింది కోడి ఈకల మీద పడుతుంది. ఒక్క కోడి క్రిమి బండెడు కోళ్లకు పాకే దారి అదే.

‘మేత ఆపితే తూకం పోదా?’ అని మీకు అనిపిస్తుంది. పోతుంది. రెండు కిలోల కోడి కొన్ని పదుల గ్రాములు తగ్గుతుంది. కానీ ఆ పోయే తూకంలో ఎక్కువ భాగం మాంసం కాదు, కడుపులో ఉన్న మేత, పెంట. ఆఖరి కొన్ని గంటల్లో తిన్నది మాంసంగా మారే వ్యవధే ఉండదు. అది మీ చేతి మేత, మీ ఖర్చు. ఇంటిగ్రేషన్ రైతులకు మిగిలిన మేత ఎఫ్‌సీఆర్ లెక్కలో కలిసొస్తుంది. సొంతంగా పెంచేవాళ్లు వ్యాపారితో ముందే మాట్లాడుకోండి. ఖాళీ కడుపు కోడి తీసుకుంటే అతనికి దారిలో చావులు, షాపులో కంపు తగ్గుతాయి. ఆ లాభంలో కిలోకు ఇంత అని మీకూ కలపమని అడగడంలో తప్పు లేదు. ఒక్కరు అడిగితే వినరు. ఊళ్లో పది షెడ్లవాళ్లు కలిసి అడగండి.

రెండోది బుట్టలు. పట్నం నుంచి తిరిగొచ్చిన ప్లాస్టిక్ బుట్టల్లో ఇంకెవరి షెడ్డు పెంటో ఎండి అంటుకుని ఉంటుంది. వాటిని అలాగే షెడ్డులోకి తెస్తే వేరే ఊరి క్రిమిని పిలిచి పీట వేసినట్టే. ముందు నీళ్లతో పెంట పోయేలా కడగాలి. తర్వాత సబ్బు నీళ్లు. ఆ తర్వాతే మందు నీళ్లు. చివరికి ఎండలో ఆరబెట్టాలి. పెంట పోకుండా పైన మందు చల్లితే దండగ. కడిగే పని వ్యాపారిదో కంపెనీదో అయితే, కడగని బుట్టలు లోపలికి రానివ్వొద్దు. కోళ్లను బయట గుమ్మం దగ్గరికి తెచ్చి ఎక్కించమనండి.

మూడోది విడతలుగా ఎత్తడం. ఇవాళ సగం, నాలుగు రోజులాగి మిగతా సగం ఎత్తే అలవాటు ఉంది. మొదటి విడత పట్టేవాళ్ల కాళ్లతో, బుట్టలతో క్రిమి లోపలికి వస్తుంది. మిగిలిన కోళ్లలో నాలుగు రోజుల్లో షెడ్డంతా పాకుతుంది. వీలైతే ఒకేసారి ఎత్తించండి. వీలుకాకపోతే పట్టేవాళ్లకు మీ చెప్పులే ఇవ్వండి, చేతులు కడిగించండి.

యాంటిబయాటిక్‌లు: రేపు మన పిల్లలకే పనిచెయ్యవు

అన్నింటికంటే పెద్ద ప్రమాదం ఇది. జబ్బు లేకపోయినా ముందు జాగ్రత్తగా, బరువు వస్తుందని, మేతలోనో నీళ్లలోనో యాంటిబయాటిక్ కలిపే అలవాటు చాలా చోట్ల ఉంది. కొంచెం కొంచెంగా రోజూ మందు తగిలితే బలహీనమైన క్రిములు చస్తాయి. మందుకు లొంగనివి మిగిలి, అవే పెరుగుతాయి. ఆ మొండి క్రిమి మాంసంతో పాటు పట్నం వెళ్తుంది, పెంటతో పాటు మీ పొలానికి వస్తుంది. రేపు మనిషికి జబ్బు చేస్తే డాక్టరు ఇచ్చే మందు పనిచెయ్యదు.

కొలిస్టిన్ సంగతి చూడండి. ఏ మందూ పనిచెయ్యని రోగికి ఆఖరి అస్త్రంగా వాడే మందు అది. కోళ్లకు కూడా విచ్చలవిడిగా వాడారు. దీనికి లొంగని గుణాన్ని ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి అందించే జన్యువును చైనాలో కనుగొన్నట్టు 2015లో బయటపెట్టారు. మన కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో కోళ్లతో సహా ఆహారం కోసం పెంచే జీవాలకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. ఐరోపా దేశాల కూటమి బరువు కోసం మేతలో యాంటిబయాటిక్ కలపడాన్ని 2006 నుంచే పూర్తిగా ఆపేసింది.

ఢిల్లీలోని సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కేంద్రం 2014లో ఢిల్లీ, చుట్టుపక్కల పట్టణాల నుంచి 70 చికెన్ నమూనాలు తెచ్చి పరీక్షిస్తే, నూటికి 40 నమూనాల్లో యాంటిబయాటిక్ అవశేషాలు కనిపించాయి. వండితే క్రిమి చస్తుంది. కానీ మాంసంలో మిగిలిన మందు వంటతో పూర్తిగా పోతుందని నమ్మడానికి లేదు. దాన్ని ఆపగలిగేది షెడ్డులోనే.

మీరు చెయ్యాల్సింది ఇదీ. పశువైద్యుడు రాసిస్తేనే యాంటిబయాటిక్ వాడండి. మందుల షాపువాడి మాట మీద వాడొద్దు. డబ్బా మీద ‘విత్‌డ్రాయల్ పీరియడ్’ అని ఎన్ని రోజులు రాసి ఉందో చదివించుకోండి. మందు ఆపిన తర్వాత అన్ని రోజులు గడిచాకే కోడి అమ్మాలి. ఏ తేదీన ఏ మందు మొదలుపెట్టారో, ఎప్పుడు ఆపారో ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. కంపెనీ మేత బస్తాలో ఏమేం కలిపారో అడగండి. అడిగే హక్కు మీకుంది.

షాపు పెట్టుకున్న మన పిల్లలకు

మన ఊళ్ల నుంచి వెళ్లి పట్నంలోనో, మండల కేంద్రంలోనో చికెన్ షాపు పెట్టుకున్న కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు నాలుగు మాటలు చెప్పండి. పగుళ్లు పట్టిన చెక్క మొద్దు మార్చమనండి. ఆ పగుళ్లలో చేరిన నెత్తురు ఎంత గీకినా పోదు. ఈకలు తీసే చోటు ఒకటి, ముక్కలు కొట్టే చోటు ఇంకొకటి ఉండాలి. ఈకలు ఊడ్చే వేడి నీళ్లు తరచుగా మార్చాలి. పది కోళ్లను ఒకే బక్కెట్ నీళ్లలో ముంచి తియ్యడం అంటే ఒక్క కోడి క్రిమిని పదింటికీ పూసినట్టే.

డబ్బులు తీసుకున్న చేత్తో మాంసం పట్టొద్దు. కోసి పెట్టిన మాంసాన్ని కొక్కేనికి వేలాడదీసేకంటే ఐస్ పెట్టెలో పెడితే మేలు. ఆహార భద్రతా చట్టం 2006 ప్రకారం చిన్న షాపుకైనా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎవరో వచ్చి అడిగే దాకా ఆగొద్దు.

మన వంటింట్లో

మన వాళ్ల కోడికూర సంగతి చెప్పాలంటే దిగులు అక్కర్లేదు. తళతళ ఉడికించి దించే కూరలో ఈ క్రిములేవీ బతకవు. ముక్క లోపలి దాకా 74 డిగ్రీల సెంటిగ్రేడ్ వేడి తగిలితే చాలు. ఎముక దగ్గర ఎరుపు ఉండకూడదు, ముక్క గుచ్చితే తేటగా రసం రావాలి. బర్డ్ ఫ్లూ వైరస్ కూడా ఈ వేడికి చస్తుంది.

ప్రమాదం కూరలో కాదు, కూర పక్కన ఉంది. చికెన్ కోసిన కత్తితోనే ఉల్లిపాయ, నిమ్మకాయ కోసి పచ్చిగా నంజుకుంటాం. మాంసం పట్టిన చేత్తోనే ఉప్పు డబ్బా మూత తీస్తాం. కూరలో చచ్చే క్రిమి ఉల్లిపాయ ముక్క మీద బతికే ఉంటుంది. కాబట్టి పచ్చి కూరగాయలు ముందు కోసి పక్కన పెట్టండి, చికెన్ ఆఖరున ముట్టుకోండి. చేతులు, కత్తి, పీట సబ్బుతో కడగండి.

చికెన్‌ను కుళాయి ధార కింద కడగొద్దని నిపుణులు చెబుతారు. కడిగితే క్రిమి పోదు, నీటి తుంపరలతో పక్కనున్న గిన్నెల మీదికి ఎగురుతుంది. ఉప్పు, పసుపు పట్టించి కడిగినా అంతే. కడగకుండా వండడానికి మనసు ఒప్పుకోదనుకుంటే, గిన్నెలో నీళ్లు పోసి, మెల్లగా, తుంపర లేవకుండా ముంచి తియ్యండి. ఆ నీళ్లు అంట్ల మీద పొయ్యొద్దు.

వండిన కూర రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు. నాటుకోడికి ఈ క్రిములు ఉండవని కొందరి నమ్మకం. అది నిజం కాదు. పెంటకుప్ప మీద తిరిగే కోడికీ పేగులున్నాయి. నాటుకోడైనా, వనరాజా అయినా, బ్రాయిలర్ అయినా ఇదే జాగ్రత్త.

ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ నీళ్లు ఆపకుండా తాగించండి. మలంలో రక్తం పడినా, జ్వరం ఎక్కువైనా, చంటిపిల్లలు, ముసలివాళ్లు, గర్భిణులైనా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మందుల షాపులో యాంటిబయాటిక్ కొని మింగించొద్దు.

కోడి ఎరువు వేసేవాళ్లు గమనించండి

కోళ్లు పెంచకపోయినా లిట్టర్ కొని పొలానికి తోలుకునేవాళ్లున్నారు. మంచి ఎరువే. కానీ పచ్చి లిట్టర్‌ను ఆకుకూరల మడికి, కొత్తిమీరకు, టమాటాకు నేరుగా వేస్తే అదే క్రిమి కూరగాయల మీద పట్నం వెళ్తుంది. కుప్ప పోసి, తగినంత తడి పెట్టి, మధ్య మధ్య తిరగేసి మాగనివ్వండి. కుప్ప లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుడితే క్రిములు చస్తాయి. పచ్చిదే వెయ్యాల్సి వస్తే, నేలకు తగిలే పంట కోతకు కనీసం నాలుగు నెలల ముందు వేసి దున్నెయ్యండి.

ఈ రాత్రి నుంచే

ఇక్కడ చెప్పినవన్నీ ఒక్క రోజులో చెయ్యలేరు. చెయ్యనక్కర్లేదు కూడా. మూడింటితో మొదలుపెట్టండి. షెడ్డు గుమ్మంలో వేరే చెప్పులు. మందుల తేదీలు రాసే నోటు పుస్తకం. లిఫ్టింగ్ రాత్రి వేళకు మేత తియ్యడం. మొదటిదానికి ఒక జత చెప్పుల ఖర్చు, రెండోదానికి ఒక పుస్తకం ఖర్చు. మూడోదానికి ఖర్చు లేకపోగా మేత మిగులుతుంది. మిగతా సందేహాలకు మీ మండల పశువైద్యాధికారిని కలవండి. పట్నంలో కొనేవాడికి మీ పేరు తెలియదు, మీ ఊరు తెలియదు. కానీ తిన్న ఇంట్లో ఎవరికీ ఏమీ కాకపోతే వచ్చే ఆదివారం మళ్లీ షాపు ముందు నిలబడతాడు. మన బ్యాచ్‌కు గిట్టుబాటు అక్కడి నుంచే వస్తుంది.